పూడ్చనివ్వని మగ్గం గుంట

మా పెద్దబాపు, నాన్నకు అన్న, పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. కింద పడ్డాడని, తుంటి విరిగిందని అందరికీ చెబుతున్నాం. ఎందులో పడ్డాడో, అది ఎవరివల్ల అక్కడ ఉందో నేనే చెప్పాలి.

వరంగల్ కొత్తవాడలో ఆయన యాభై ఏళ్ళు జంఖానాలు నేశాడు. ఇంట్లోనే నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేసే మగ్గం. చూపు మసకబారాక మగ్గం విప్పేశాడు. గుంట పూడ్పించి గచ్చు చేయిస్తానంటే నేనే అడ్డం పడ్డాను. హనుమకొండ అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, సెలవు దొరికినప్పుడు వచ్చి ఫోటోలు తీసుకుని, పాతరోజుల మీద పత్రికలకు వ్యాసాలు రాసే మనిషిని. "మన గుర్తు పెద్దబాపూ, ఉండనీ" అని బతిమాలాను.

"నీకు మగ్గం సప్పుడు యాదికొస్తాంది బిడ్డా. నాకు గుంటల చెమ్మ యాదికొస్తాంది. వానకాలం మోకాళ్లు గుంజి సంపేటియి" అన్నాడు.

అన్నాడే గానీ నా మాట కాదనలేదు. గుంట మీద రెండు చెక్కలు పరిచాడు. నా వ్యాసం పడ్డ పేపరు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపేవాడు. "మావోడు రాసిండు. అంత అబద్ధమే గని మంచిగ రాసిండు" అని నవ్వేవాడు.

మొన్నటి వానలకు గుంటలో చెమ్మ ఊరి చెక్క నాని మెత్తబడింది. పొద్దున్నే చాయ్ గ్లాసుతో నడుస్తూ దాని మీద కాలు వేస్తే, అది విరిగి గుంటలోకి కూలబడ్డాడు.

దవాఖానలో మొహం చెల్లక తలుపు దగ్గరే నిలబడితే పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "మా నాయిన గిట్లనే పడితే ఎడ్లబండి మీద తీస్కపోయినం. తొవ్వలనే పాణం పోయింది. నాకు ఫోన్ గొట్టంగనే బండొచ్చింది. ఫికర్ జెయ్యకు."

నమ్మాను. నాలుగో రోజు ఊపిరి అందలేదు. ఏళ్ళ తరబడి పీల్చిన నూలు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఎప్పుడో తినేసిందన్నాడు డాక్టరు. ఎవరూ నన్నొక్క మాట అనడం లేదు. అన్నా బాగుండును, ఈ బరువు ఎక్కడ దించుకోవాలో తెలియడం లేదు.

నిన్న గుంట పూడ్చడానికి మొరం మట్టి తెప్పించాం. మొదటి తట్ట ఎత్తుతూ లోపలికి చూశాను. ఆయన పాదాలు ఆనినచోట నేల రెండు పక్కలా నున్నగా అరిగి ఉంది. తట్ట దించి, నాకు తెలియకుండానే జేబులోంచి ఫోన్ తీశాను. పెద్దమ్మ చూసింది. ఎప్పటిలాగే ఫోటోలో పడకుండా పక్కకు జరిగి, కొంగు సర్దుకుని నిలబడింది.

"తీస్కో బిడ్డా, మల్ల కనవడది."