భోజన్న కూర్చున్న రెండు కుర్చీలు

భోజన్నకు జీవితంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. ఓట్ల రోజు పోలింగ్ గదిలో, ఏజెంటు కుర్చీలో, జేబుకు బ్యాడ్జీ పెట్టుకుని కూర్చోవాలి. బీడీ కార్ఖానాలో కట్టలకు లేబుళ్లు అంటించే మనిషికి అంతకంటే పెద్ద కుర్చీ ఎక్కడ దొరుకుతుంది? బాన్సువాడలో ఎన్ని ఎన్నికలు వచ్చినా అతని చేతికి అందింది మైదా జిగురు బకెట్టే. గోడ బయట పోస్టర్లు అంటించాడు. గోడ లోపలికి ఎవరూ పిలవలేదు.

రెండువేల ఒకటి పంచాయతీ ఎన్నికల్లో పిలుపు వచ్చింది. మా వార్డు మెంబరుగా నిలబడ్డ ఎరువుల దుకాణం రాజన్న భోజన్న భుజం మీద చెయ్యేశాడు.

"ఈసారి లోపల నువ్వే కూసుంటవ్. కానీ ఓట్లయ్యేదాక నన్ను ఇడిసి ఎటూ పోవద్దు మల్ల."

"నేనెటు పోతనన్నా!" అన్నాడు భోజన్న. ఆ మర్నాడే అతని కుడి దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది.

ఊళ్లో పళ్ల డాక్టరు విజయ్‌కుమార్ ఒక్కడే. రాజన్న మీద పోటీ చేస్తున్నదీ అతనే. మా వార్డులో ఓట్ల వారం ఒక కట్టుబాటు ఉంది. ఎదుటివాడి గడప తొక్కినవాడు అటు కలిసిపోయినట్టే లెక్క. గొంతెండినా ఆ ఇంట నీళ్లు తాగరు. ఇక ఆ ఇంట్లో నోరు తెరుచుకుని పడుకోవడమా! నిజామాబాద్ పోయి పీకించుకోవచ్చు, కానీ దానికి రోజంతా పడుతుంది. రాజన్న వదలడు.

భోజన్న పంటి కింద లవంగం పెట్టాడు. ఉప్పునీళ్లు పుక్కిలించాడు. ఎవరో చెప్పారని జీడినూనె రాస్తే పన్ను అలాగే ఉంది, పెదవి కాలింది. చెంప మాత్రం రోజురోజుకూ పెరిగింది. ఒక మధ్యాహ్నం దాని నీడలో మా కుక్క పడుకుంది. ఇంకోరోజు వీధి మలుపులో ముందు చెంప కనిపించింది, కాసేపటికి భోజన్న వచ్చాడు. నేను కోతలు కోస్తానని మా ఇంట్లో అంటారు. వాళ్లు ఆ చెంపను చూడలేదు.

ఆ చెంపతోనే ఇల్లిల్లూ తిరిగి ఓటరు చీటీలు పంచాడు.

"ఏంది భోజన్నా, నోట్ల లడ్డు పెట్టుకున్నవా? మాకు గుడ పంచరాదూ!" అని బీడీలు చుట్టే ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి మరీ నవ్వారు.

పంచాల్సిన చీటీల్లో ఒకటి లక్ష్మవ్వది, అంటే అతని తల్లిది. ఆమె పోయి రెండేళ్లయినా పేరు ఎవరూ తీసెయ్యలేదు.

"ఇది నేనుంచుకుంటనన్నా," అన్నాడు భోజన్న.

రాజన్న ఆ చీటీ లాక్కుని తన జేబులో పెట్టుకున్నాడు. "నా దగ్గర పదిలంగుంటది తియ్."

సాయంత్రాలు మా అరుగు మీద బల్ల చుట్టూ ఆట సాగేది. నేను కాన్వెంటులో చదివేటప్పుడు ఒక ఫాదర్ నేర్పిన ఆట అది. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు తలా ఒక వేషం కడతారు, ఎవరి గతి ఏమిటో పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది నేను. రాజన్న రాజు, భోజన్న సేనాపతి. ఆటకు నియమం ఒకటే: బల్ల మీద పాచిక ఉన్నంతసేపు ఎవరూ వేషం విడవకూడదు.

ఆ వారం సేనాపతిని శత్రువుల చెరలో పడేశాను.

"ఆరు పడితే ఇడిసిపెడ్తరు సేనాపతీ. లేకుంటే పన్ను పీకుతరు," అన్నాను.

రెండు పడింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు.

"ఫికర్ చేయకు, ఇంకా శానా ఉన్నయ్ నీకు," అన్నాడు రాజు. భోజన్న కూడా నవ్వబోయి చెంప పట్టుకున్నాడు.

ఓట్ల రోజు పొద్దుటికి దవడ బిగుసుకుపోయింది. వేలెడు సందు లేదు, మాట రాదు. "గా మూతేసుకొని ఎట్ల కూసుంటవయ్యా?" అని భార్య బుజ్జమ్మ మొత్తుకుంది. అతను తల మీదుగా తువ్వాలు కట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోలింగ్ గదికి వెళ్లాడు. కుర్చీని ఒకసారి చేత్తో తుడిచాడు. కూర్చున్నాడు. బ్యాడ్జీ సరిచూసుకున్నాడు. ఆ కాసేపు నొప్పి ఉన్నట్టు కూడా కనిపించలేదు.

వరుసలో నాకు ముందు బుజ్జమ్మ ఉంది. ఆమె ముందు కొంగు కప్పుకున్న ఒక ముసలామె. పొద్దుటి బస్సుకు బీర్కూర్ నుంచి రాజన్న దింపించిన పూలమ్మ అని తరువాత తెలిసింది. ఆమె చీటీ ఇవ్వగానే ఆఫీసరు పేరు చదివాడు: లక్ష్మవ్వ.

విజయ్‌కుమార్ ఏజెంటు ముత్తెన్న కుర్చీలోంచి లేచాడు.

"ఆగున్రి సార్! లక్ష్మవ్వ ఎప్పుడో పోయింది. ఉన్నప్పుడు గుడ నోట్ల ఒక్క పన్ను లేకుండె, అన్ని మా డాక్టర్ సాబే పీకిండు. ఈమెను నోరు తెరువుమనున్రి!"

పూలమ్మ నోరంతా తెరిచి నవ్వింది. పాన్ మరకలతో సహా అన్ని పళ్లూ ఉన్నాయి.

"కట్టిచ్చుకున్న సారూ. గా కూసున్నది నా కొడుకే, అడుగున్రి."

ఆఫీసరు భోజన్న వైపు తిరిగాడు. "ఈమె మీ అమ్మేనా?"

భోజన్న ఆమె పళ్ల వంక చూశాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ రాజన్న చిన్నగా దగ్గి, "సేనాపతీ," అన్నాడు. భోజన్న రెండు చేతులతో కుర్చీ అంచులు పట్టుకున్నాడు. తల నిలువుగా ఊపాడు.

పూలమ్మ ఓటేసి పోతూ పోతూ అతని వాచిన చెంప నిమిరింది. "పన్ను గుంజుతుందా బిడ్డా?"

తరువాత బుజ్జమ్మ వంతు. చివరి నెలల్లో అత్తకు అన్నం గుజ్జు చేసి తినిపించింది ఆమే. వేలికి సిరా పెట్టించుకుని, భర్త ముందు ఆగింది.

"అత్తమ్మ మంచిగున్నదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం లెక్కింపులో రాజన్న ఎంత తేడాతో గెలిచాడంటే, చచ్చిపోయినవాళ్లందరినీ వాళ్ల మానాన వదిలేసినా గెలిచేవాడు. ఊరేగింపులో ఎవరో భోజన్న ఏడని అడిగారు. "గా మూగోడా? వచ్చేసారి నోరున్నోన్ని కూసోబెట్టాలె," అన్నాడు రాజన్న, మెడలో దండ సర్దుకుంటూ.

భోజన్న అప్పటికి విజయ్‌కుమార్ గడప దగ్గర ఉన్నాడు. ఓట్లు అయిపోయాయి కాబట్టి తొక్కవచ్చు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఇంత దూరం వచ్చిన కథను చివరిదాకా చూడొద్దూ?

ఓడిపోయిన డాక్టరు తాపీగా చేతులు కడుక్కున్నాడు.

"కూసో. మీ అమ్మ గుడ ఈ కుర్చీలనే కూసుండె. ఒక్కో పన్ను గుంజినప్పుడల్ల నీ పేరే పిలిచింది."

భోజన్న కళ్లు మూసుకున్నాడు.

"గా కుర్చీల తెరవని నోరు, ఈ కుర్చీలనన్న తెరువు."

దవడ కటకటలాడుతూ కొద్దికొద్దిగా తెరుచుకుంది. మత్తు మందు నిండుకుందని, ఓట్ల గడబిడలో తెప్పించడం మరిచిపోయానని డాక్టరు చెప్పాడు. అది నిజమో, కక్షో అడుగుదామన్నా, భోజన్న నోట్లో అప్పటికే పటకారు ఉంది.