కనుమ కింద రెండు రోజులు

డెబ్బైల సంగతి. నేను ఉప్పుగూడల ఉంటుంటి, ఒక సర్కారు ఫ్యాక్టరీల ఫిట్టర్ని. మా సెక్షన్ల లేత్ మీద పనిచేసే దోస్తు ఒకాయన ఉండె, మాదన్నపేటాయన, నాకంటె మూడేండ్లు చిన్న. నన్ను అన్నా అంటుండె, నేను తమ్మీ అంటుంటి. ఫ్యాక్టరీ క్లబ్బోళ్లు హిమాలయాలల్ల పద్నాలుగు దినాలు వీపుమీద మూటతోని నడిచే ప్రోగ్రాం పెట్టిన్రు. ఆఖరుకు మంచుల ఒక కనుమ దాటాలె, రెండు శిఖరాల నడుమ సందు అన్నట్టు. దాటితె ఇద్దరం కల్సి దాటాలె, లేకుంటె ఇద్దరికీ వద్దు అని చేతుల చెయ్యేసుకున్నం. అప్పటిదాక నేనెక్కిన పెద్ద గుట్ట గోల్కొండ.

ఆర్నెల్లు ప్రతి ఐతారం, తమ్ముడు చర్చి నుంచి రాంగనె, బ్యాగులల్ల ఇటుకలు నింపుకొని మాదన్నపేట నుంచి చార్మినార్ దాక నడిచి, మళ్ల వాపస్ వచ్చెటోళ్లం. మార్కెట్ల కూరగాయలామె "ఏందన్నా, ఇల్లు గిట్ల కడుతున్నరా?" అని అడిగె. గాజుల దుకాణమాయన "పాగల్ హోగయే క్యా మియా" అని నెత్తి కాడ వేలు తిప్పి, పిచ్చి పట్టిందా అన్నట్టు నవ్వె. నవ్వనీ, మాకేం ఫికర్? నాకు సొంత తమ్ముడు లేడు. ఆ లోటు ఆ ఐతారాలల్లనే తీరింది.

క్లబ్బోళ్లిచ్చిన సామాను లిస్టుల నల్లద్దాలు కూడ ఉండె. చార్మినార్ కాడ ఫుట్‌పాత్ మీద కొన్న. పెట్టుకొని గల్లీల అడుగుపెట్టిన్నో లేదో, పక్కింటామె దూరంకెళ్లే "కండ్లొచ్చినయా?" అని కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. మా గల్లీల నల్లద్దాలు పెట్టెటోళ్లు రెండే రకాలు: కండ్లకలక వచ్చినోళ్లు, కంట్లె పొరకు మోతిబిందు ఆపరేషనైనోళ్లు. నాకు తిక్కరేగింది. మే నెల ఎండల నెత్తిన రుమాల్ లేకుంట తిరిగినోన్ని, మంచుల ఎండ నన్నేం చేస్తది? తీసి ఇంట్ల ఇనుప సందుగల పడేసిన, ఎంబడి తీస్కపోలే. చేతులార చేసుకున్న పని, ఎవర్ని అనేది లేదు.

ఎనిమిది దినాలు మంచిగనే నడిచినం. తొమ్మిదో దినం పొద్దంత మంచు మీదనే. మబ్బు పట్టి ఉండె, ఎండ కూడ అంతంతే. తమ్ముడు "నా అద్దాలు కొంచెంసేపు పెట్టుకో అన్నా" అన్నడు. "నీ కండ్లు చూస్కోరాదు" అన్న. పొద్దుగూకేసరికి కండ్లల్ల మిరప్పొడి కొట్టినట్టయింది. తెరుస్తె మంట, మూస్తె ఇసుక. దారి చూపే ముసలాయన వచ్చి చూసి తలకాయ కొట్టుకున్నడు. మంచు మీద పడ్డ వెలుగు తిరిగొచ్చి కండ్లను కాలుస్తదట, మబ్బున్నా ఇడువదట. బట్టతోని కట్టుకట్టి, రెండు మూడు దినాలు ఇప్పొద్దన్నడు. తెల్లారి ఒక్కదినమే ఆకాశం తెరపి ఉంటది, కనుమ అప్పుడే దాటాలె, ఆగనీకి లేదన్నడు. గొర్లకాపర్ల రాళ్ల గుడిసెల నన్నూ, సామాను గుర్రాలాయననూ ఇడిసి, మిగిలినోళ్లు పోవాలని తేలింది.

తమ్ముడు నా పక్కకు వచ్చి కూసున్నడు. "నేను ఆగుత అన్నా."

"వద్దు. నువ్వు పో."

"నిజంగ ఆగుతనే."

"వద్దంటున్న గద!"

ఇక్కడ మా పాతబస్తీ సంగతొకటి చెప్పాలె. ఎవరింటికన్న పోతె ఛాయ్ తాగుమంటరు. వద్దంటం. మళ్ల అడుగుతరు, మళ్ల వద్దంటం. మూడోసారి అడిగితె, అప్పుడు "సరే తియ్యి, మీ మాట కాదంటనా" అని కప్పు అందుకుంటం. తకల్లుఫ్ అంటరు దాన్ని. తమ్మునింట్ల వాళ్లమ్మ చేతి ఛాయ్ నేను నూరుసార్లు గట్లనే తాగిన. ఆయన మా ఇంట్ల తాగింది కూడ గట్లనే. అందుకే నేను మూడో మాట కోసం కూసున్న. కండ్లకు కట్టుంది గని చెవులు మంచిగనే ఉన్నయి. ఆయన లేచిన చప్పుడైంది. నా బుజం మీద చెయ్యేసి, "సరే అన్నా" అన్నడు.

తెల్లారి బూట్ల కింద మంచు కరకరలాడుకుంట దూరమైంది. అండ్ల తమ్ముని అడుగులేవో పోల్చుకుందామని చూసిన, తెల్వలే. అయినంక ఏ సప్పుడూ లేదు. ఉప్పుగూడల పుట్టినోనికి సప్పుడు లేకుంట ఎట్లుంటది? రైలు కూత, నల్ల కాడ లొల్లి, పక్కింటి రేడియో, నమాజుకు పిలుపు, ఏదో ఒకటి చెవుల పడుతనే ఉంటది. ఇక్కడ నా గుండె కొట్టుకునుడు నాకే ఇనిపించింది. గుర్రాలాయన మంచోడే, గని ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. రొట్టె చేతిల పెట్టేటోడు, బుజం తట్టేటోడు. రెండు దినాలు గట్ల కూసున్న. ఏడిస్తె కండ్లు ఇంక మండుతయని తెలిసి కూడ ఏడ్చిన.

మూడో దినం కట్టిప్పి, గుర్రాలాయన నన్ను దగ్గరి తొవ్వల కిందికి దింపిండు. నాలుగో దినం అందరం బస్సుల కాడ కల్సినం. తమ్ముడు గట్టిగ కావలించుకొని అలాయిబలాయి తీసుకున్నడు, ముక్కు తోలు లేచిపోయి ఉండె. పైకెళ్లి ఎట్లుండె అని నేను అడగలే, ఆయన చెప్పలే. రైలు దిగి గల్లీలకు రాంగనె నా భార్య, పక్కింటోళ్లు అందరు చుట్టుముట్టిన్రు. నేను నోరు తెరిచేలోపలనే తమ్ముడు, "ఇద్దరం దాటినం! అన్ననే ముందు" అన్నడు. నాకు మొకం ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే. నా మంచికే అన్నడని ఎరుకే. గని ఆ దినం నుంచి ఎవరన్న "అవుతల పక్క ఎట్లుంటది?" అని అడిగితె "మస్తుంటది" అనవట్టిన, అనుకుంట ఆయన మొకం దిక్కు చూడవట్టిన. ఐతారాలు మోకాలు నొప్పని చెప్పి నడుసుడు బంద్ పెట్టిన.

ఐదారేండ్లకు, ఎనభైలల్ల, తమ్ముడు ఒక ఐతారం మా ఇంటికొచ్చిండు. మళ్ల నడుద్దామా అన్నడు. నా నోట్లెకెళ్లి వేరే మాట వచ్చింది.

"మూడోసారి ఎందుకడగలే తమ్మీ?"

ఏది అని కూడ అడగలే ఆయన.

"అడిగితె ఆగుమంటవని తెలుసన్నా," అన్నడు. "నాకు దాటాలనుండె."

గల్లీ మొత్తానికి అబద్ధం చెప్పినోనికి, నాకొక్కనికి చెప్పరాలేదా అనుకున్న. మస్తు కోపం రావాలె, రాలే. ఆయన జాగల నేనున్నా గదే చేద్దునేమో. అది తెలిసినంక కూడ లోపల చల్లబడలే.

ఆయన లేచిండు. "కూసో తమ్మీ, ఛాయ్ తాగి పో" అన్న.

"వద్దన్నా."

నేను మళ్ల అడగలే.