స్విచ్ వేసే ముందు ఎస్తేరక్క అడిగే ప్రశ్న

పొద్దున్నుంచి నా బల్ల మీద ఒక కొత్త కంప్యూటర్ ఊరికే గాలి తోలుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లోపల లైటు వెలుగుతోంది, మానిటర్ మాత్రం నల్లగా మొహం పెట్టుకుని కూర్చుంది. మా పనిలో దీన్ని ‘డిస్‌ప్లే రాలేదు’ అంటాం. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, నంద్యాలలో నాకంటూ ఒక షాపు ఉంది, అయినా బొమ్మ రాకుండా ఉత్త ఫ్యాన్ల చప్పుడు వినపడితే ఇప్పటికీ నా అరచేతులు తడిసిపోతాయి. వైరు మార్చాను. పక్క షాపు నుంచి వేరే మానిటర్ తెచ్చి చూశాను. ర్యామ్ బయటికి తీసి, దాని అంచును పిల్లల రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టాను. ఆ రబ్బరు వాసన ముక్కుకు తగలగానే ఎస్తేరక్క గుర్తొచ్చింది. ఆమె ఉండి ఉంటే నన్ను ఇన్ని చేయనిచ్చేది కాదు. నా మొహం ఒకసారి చూసి, ఒక్క ప్రశ్న అడిగేది.

ఎస్తేరక్క స్టేషన్ రోడ్డులో విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు కట్టి అమ్మేది. అంతకుముందు బడిలో కంప్యూటర్ టీచరట. పొట్టి మనిషి, కళ్ళజోడు మీద భూతద్దం ఆనించుకుని పనిచేసేది, మాట మాత్రం సుత్తితో కొట్టినట్టు ఉండేది. ఆమె బల్ల సొరుగులో ఒక బైబిలు, ఒక సూదుల డబ్బా, సగం అరిగిన రబ్బరు ఎప్పుడూ ఉండేవి. కొత్త మిషన్‌కు మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వేరే షాపుల్లో నిమ్మకాయో అగరుబత్తో పెడతారు. ఆమె షాపులో పద్ధతి వేరు. స్విచ్ మీద వేలు పెట్టి, ఆ మిషన్‌ను కట్టినవాళ్ళ వైపు తిరిగి, “నీకు యాడ భయమైతాంది?” అని అడిగేది. స్క్రూ ఒకటి మిగిలిందనో, వైరు గట్టిగా కూర్చోలేదనో ఏదో ఒకటి చెప్పాల్సిందే. చెప్పిన చోటు విప్పి చూపించాకే స్విచ్ వేసేది. “తప్పు యాడుండాదో చేతికి ముందే తెలుస్తాది. నోరే చెప్పదు” అనేది.

నేను ఆమె దగ్గర చేరేనాటికి నాకు ఇద్దరు పిల్లలు. అంతకుముందు పనిచేసిన చోట ఒక తప్పు చేసి, నిజాయితీగా వెళ్ళి ఒప్పుకుంటే, ఆ సాయంత్రమే ఇక పనికి రావద్దన్నారు. దాంతో నాకు బాగా బుద్ధొచ్చింది అనుకున్నాను. ఇక చచ్చినా నోరు విప్పకూడదన్నదే ఆ బుద్ధి. అందుకే ఆళ్ళగడ్డ శిల్పి వీరాచారి కోసం మిషన్ కడుతూ, ప్రాసెసర్‌ను బోర్డు మీది గూట్లో పెట్టబోయి చేయి జారి పడేసినా ఎవరికీ చెప్పలేదు. ఆ గూట్లో వెంట్రుకల్లాంటి సన్నని పిన్నులు వందల కొద్దీ ఉంటాయి. ఒకటి వంగింది. అక్క టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఆమె సూదితోనే దాన్ని లేపి, పైన అంతా బిగించేశాను. అక్క స్విచ్ దగ్గరికొచ్చి ఎప్పటిలాగే అడిగింది.

“ఏం భయం లేదక్కా” అన్నాను.

ఆమె నన్ను ఒక క్షణం చూసి, “భయం లేనోళ్ళు ఈ పనికి పనికిరారు” అని స్విచ్ వేసింది. బొమ్మ వచ్చింది. బతికిపోయాననుకున్నాను.

మర్నాడు ఆ మిషన్‌ను మా ఇద్దరి మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాం. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా ఆ పిన్ను నా గుండెలోనే గుచ్చుకున్నట్టుండేది. వీరాచారి అరవై ఏళ్ళ మనిషి, రాళ్ళు చెక్కే షెడ్డులోనే మిషన్ పెట్టించుకున్నాడు. రుద్రవరం నుంచి గుడి పెద్దలు ఆ మధ్యాహ్నమే వస్తున్నారు, ద్వారపాలకుల బొమ్మల గీతలు కంప్యూటర్‌లో చూసి పని ఖాయం చేస్తారు. “చూపీలేకపోతే ఎదురు షెడ్డుకు పోతారమ్మా. ఈ పని పోతే మళ్ళా పంటలొచ్చే దాకా ఉలి ముట్టే పనుండదు” అన్నాడు. అక్క వైర్లన్నీ కలిపి స్విచ్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. మానిటర్ నల్లగా ఉండిపోయింది.

అక్క వైరు చూసింది, ర్యామ్ తుడిచి పెట్టింది, అన్నీ మొదటి నుంచి సర్దింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కపోయినా నేను కారణాలు చెబుతూ పోయాను. కరెంటు సరిగా రావడం లేదేమో అన్నాను. చివరికి, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, “రాతిదుమ్ము పోయిందేమో అక్కా లోపలికి” అన్నాను.

వీరాచారి మొహం వాడిపోయింది. తలుపు సందులకు తాను కుక్కిన గుడ్డపేలికలను చూపించాడు. “దుమ్ము పడగూడదని రెండు దినాల నుంచి ఉలి పట్టలేదు పాపా. అయినా పోయిందంటావా? నాదే తప్పా?” అన్నాడు.

అక్క స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది. చేతులు కట్టుకుని నా వైపు తిరిగింది. “పద్మా, నీకు యాడ భయమైతాంది?” అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మళ్ళీ అబద్ధమే చెప్పేదాన్ని. బయట ఏదో బండి ఆగిన చప్పుడైంది, గుడివాళ్ళేనేమో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిన్ను సంగతి చెప్పేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. “నాకు గాదు చెప్పేది. ఆచారన్నకు చెప్పు.”

ఆయన వైపు తిరిగి చెప్పాను. “దుమ్ము కాదన్నా. నేనే పడేసినా. పడేసి దాచినా.” నా ఉద్యోగం, పిల్లల బడి, అన్నీ ఆ మాటతో పోయాయనే అనుకున్నాను. “మా పనిలో విగ్రహానికి ముక్కు చిట్లితే, లక్కలో రాతిపొడి కలిపి పూసి దాచేటోళ్ళుండారు పాపా” అన్నాడాయన. “నేనూ పూసినా, ఒకసారి. అభిషేకం చేస్తాంటే ఊడొచ్చింది. ఊరందరి ముందర.” వెళ్ళి టార్చిలైటు తెచ్చి, అక్క చేతుల మీదికి వెలుతురు పట్టుకున్నాడు.

అక్క భూతద్దం పెట్టి సూదితో ఆ పిన్నును సరిచేసింది. రెండుసార్లు రాలేదు. మూడోసారి, ముందే లోపల ఎక్కించి తెచ్చిన ద్వారపాలకులు తెర మీద నిలబడ్డారు. గుడివాళ్ళు వచ్చి చూసి ఒప్పుకుని వెళ్ళారు. “ఈ పిన్ను ఎన్నో దినాలు ఆగదు, బోర్డే మార్చాల” అంది అక్క. తిరుగు బస్సులో, “నన్ను తీసేస్తావా అక్కా?” అని అడిగాను. “తీసేస్తే రేపు ఆయప్పకు కొత్త బోర్డు ఎవరు ఏస్తారు, మీ నాయనా? పొద్దున్నే బేగా రా” అని కిటికీకి తలానించి నిద్రపోయింది. నేను నంద్యాల దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆమె దగ్గరే పనిచేశాను. చివరి సంవత్సరం ఆమె చిక్కిపోసాగింది. కళ్ళజోడు మార్చుకుంది, షుగరు చూపించుకుంది, మోకాళ్ళకు నూనె రాసుకుంది. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని మాకు తెలిసేసరికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఆసుపత్రిలో నా చేయి పట్టుకుని నవ్వింది. “అన్నీ తుడిచి తుడిచి పెట్టుకున్నా పద్మా. భయమైన చోటు తప్ప. చెప్పేటందుకే నీతులు” అంది. నెమ్మదిగా, “నన్నెవరూ అడగలేదు గదా. నువ్వడిగింటే చెప్పేదాన్నేమో” అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. రోజూ పక్కనే కూర్చుని, ఆమె మొహం వాడిపోవడం చూస్తూ, ఆమె నేర్పిన ప్రశ్నను ఆమెనే అడగాలని నాకు తోచలేదు. ఇప్పుడు ఇంట్లో మా ఆయనను అడుగుతాను, పిల్లలను అడుగుతాను. వాళ్ళు విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

నన్ను అడిగేవాళ్ళు మాత్రం ఇక లేరు. ఇవాళ షాపులో ఒక్కదాన్నే నిలబడి పైకే అన్నాను, “పద్మా, నీకు యాడ భయమైతాంది?” జవాబు పొద్దున్నుంచీ నాకు తెలుసు. నిన్న ఫ్యాన్ బిగిస్తుంటే స్క్రూడ్రైవర్ జారి బోర్డు మీద గీరుకుంది. చిన్న గీతే కదా అని పైన వైర్లు కప్పేశాను. అందుకే కదా, ఇంతసేపూ అది తప్ప అన్నీ విప్పి చూశాను.

ఆ వైర్లను ఇంకా పక్కకు జరపలేదు. ముందు ఫోన్ తీసి ఈ మిషన్ చేయించుకున్న టీచరమ్మకు చేశాను.

“చెప్పండి, అయిపోయిందా?” అంది ఆవిడ సంతోషంగా.

“లేదు మేడమ్” అన్నాను. “నిన్న నా చేతిలో ఒక తప్పు జరిగింది.”