మేకలు మేసిన చెత్తబండి

“మేకల్ని కట్టేసినావా?”

“కట్టేసినాలే, నువ్వు పో.”

మా ఆయనా నేనూ చివరిసారి అనుకున్న మాటలు ఇవే. అప్పటికి మాకు మేకలే లేవు. (నేను చెప్తుంటే చెల్లెలి కూతురు రాస్తూ నవ్వుతోంది. రాయి అమ్మీ, నవ్వు తర్వాత.)

ఆ రోజుల్లో, అంటే నేను కాపురానికి వచ్చిన కొత్తలో, రాచర్ల పక్కన మా ఊర్లో చెత్తంటే ఏమిటో ఎవరికీ పెద్దగా తెలియదు. తొక్కలూ ఆకులూ మేకలకు, కడుగునీళ్లు గేదెకు. అట్లాంటి ఊర్లో పంచాయతీ వాళ్లు ఇంటికి రెండు బుట్టలిచ్చి, తడిచెత్త ఒకదాంట్లో, పొడిచెత్త ఒకదాంట్లో వేయమన్నారు. మా అత్త తడిచెత్త బుట్టలో గేదెకు కుడితి కలిపింది. బండి తోసే పని మా ఆయనకు దొరికింది. పొద్దున్నే ఈల ఊదుతూ ఊరంతా తిరిగి, నాలుగు ప్లాస్టిక్ కవర్లతో వచ్చేవాడు. తడిచెత్తతో ఎరువు చేసే షెడ్డు ఖాళీగా ఉంటే ఈ మనిషెందుకో తేల్చడానికి మండలం నుంచి పెద్దసారు వస్తున్నాడని తెలిసి, ఆయనకు ముద్ద దిగలేదు.

నాకు అప్పట్లో తెలివి ఎక్కువ. ముందురోజే ఇల్లిల్లూ తిరిగి, రేపు ఒక్కపూట మేకలకు పెట్టకుండా అన్నీ బుట్టలో వేయమని బతిమాలాను. “చెత్త అడుక్కునే కోడల్ని ఇప్పుడే చూస్తా ఉండా” అని ఒక ముసలమ్మ ఎగతాళి చేసింది గానీ, పాపం అందరూ వేశారు. బండి నిండింది. ఆయన పెళ్లికొడుకులా తోసుకుపోయి, షెడ్డు ముందు ఆపి, పెద్దసారు ఎప్పుడు ఇటు తిరుగుతాడా అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనకాల, పొద్దున్నుంచి ఏమీ దొరకని ఊరి మేకలన్నీ వచ్చాయి. (వాటిని కట్టేయమని చెప్పడం మరిచింది నేనే.) సారు తిరిగేసరికి బండిలో రెండు మేకలు, ఒక అరటితొక్క.

“ఇదేనా మీ ఊరి తడిచెత్త?”

“నిండా తెచ్చినా సార్. ఇంతకుముందే ఉండింది” అన్నాడు ఈయన, ఏడుపు గొంతుతో.

నేను ఉరికిపోయి ఒక మేకను చెవి పట్టి దించబోతే, అది బండిలోనే పెంటికలు రాల్చింది. సారు పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఈ మనిషిని తీసేయొద్దు. రేపటి నుంచి ఈ పెంటికలే ఎత్తుకురమ్మనండి, ఎరువవుతాయి” అన్నాడు పంచాయతీ వాళ్లతో.

అట్ల పని నిలిచింది. ఆ మరుసటి రోజు నుంచి బండి తీసేముందు ఆయన ఆ మేకల మాట అడగని పొద్దు లేదు. మేకలు అమ్మేశాక కూడా అడిగాడు. నేనూ విసుక్కుంటూనే జవాబు చెప్పాను. మొన్న ఎండాకాలంలో అట్లనే అడిగి, ఈల ఊదుకుంటూ పోయిన మనిషి, గుండె ఆగి ఆ షెడ్డు దగ్గరే కూలబడ్డాడు. ఇప్పుడు ఇంకెవరో ఈల ఊదుతారు. కట్టేసినాలే అని నా నోరు దానంతటదే అంటుంది, నాకే నవ్వొస్తుంది.

అమ్మీ, మొదట్లో ఆయన అడిగిన మాట రాసినావు గదా. అది ఒకసారి చదువు, వింటా.