మూడు గంట్ల సిలిండర్

ఖమైస్‌కి పాత సామాను పిచ్చి పట్టిందని తబర్కా రేవులో అనుకోనివాళ్ళు లేరు. పగడాల కోసం మునిగేవాళ్ళ సిలిండర్లలో గాలి నింపుతూ, కంప్రెసర్ పక్కన ముప్పై ఐదేళ్ళు నిలబడి సగం వినికిడి పోగొట్టుకున్న మనిషి. పని మానేశాక ఎవరూ వాడని మునక సామానంతా ఇంటికి చేరవేశాడు. ముందుగదిలో అరల నిండా సిలిండర్‌లోని గాలిని నోటికి అందించే జంట గొట్టాల రెగ్యులేటర్లు, గుండ్రటి అద్దపు మాస్కులు, సీసం బిళ్ళల నడికట్లు. శుక్రవారం నమాజు అయ్యాక ఒక్కొక్కటే దించి, ఆ రబ్బరు గొట్టాల ముడతల్లోకి వేలు పోనిచ్చి, పసిబిడ్డకి రాసినట్టు పౌడరు రాసేవాడు. తర్వాత నోట పెట్టుకుని ఒక్క ఊపిరి పీల్చేవాడు. లోపలి పలచటి పొర టప్పుమని కదిలితే ఆయన మొహం వెలిగేది. అరవై ఏళ్ళనాటి యంత్రం మనిషి ఊపిరికి ఇంకా బదులు పలుకుతోందంటే అంతకు మించిన అందం ఆయనకు తెలియదు.

సిలిండర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వెలుగు ఆరిపోయేది. ఏది ఇంటికొచ్చినా చెయ్యి ముందు దాని మెడపక్కనున్న మీట మీదికే పోయేది.

ఆ రోజుల్లో గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు లేదు. మీట పైకి ఉంటే ఆఖరి కాస్త గాలి లోపల దాగి ఉంటుంది. ఊపిరి బిగిసినప్పుడు దాన్ని కిందికి లాగి, ఆ కాస్తతో పైకి తేలాలి. గాలి నింపేవాడు ముందు మీట దించాలి, నింపాక మళ్ళీ ఎత్తాలి. ఎత్తడం మరిచాడా, దాచిన గాలీ లేదు, హెచ్చరికా లేదు.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఒక ఉదయం, పగడాలకి మునిగే నూరీ సిలిండర్ నింపింది ఖమైసే. ఆ పూటే కంప్రెసర్ పట్టీ తెగింది. పడవలవాళ్ళు ఆలస్యమైపోతోందని అరుస్తున్నారు.

"దానికి మా అత్త నోరు తగిలించు ఖమైసూ, జన్మలో ఆగదు!" అని నవ్వి, నూరీ సిలిండర్ భుజాన వేసుకుని పోయాడు. మనిషీ తిరిగి రాలేదు, సిలిండరూ రాలేదు.

మీట ఎత్తానా? ఎంత తవ్వుకున్నా తెగిన పట్టీ గుర్తొచ్చేది, ఆ నవ్వు గుర్తొచ్చేది. మీట గుర్తొచ్చేది కాదు. నూరీ భార్య జరీఫా రొట్టెలు కాల్చి బతుకు ఈడ్చింది. రోజూ ఆమె దగ్గరే రొట్టె కొన్నాడు. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేకపోయాడు.

నిరుడు మార్చిలో చేపలుపట్టే లజ్హర్ ఒక గోనెసంచి మోసుకొచ్చి గడపలో దించాడు.

"బాబాయ్, నీ అంతఃపురానికి ఇంకో ముసలి రాణి. వలలో పడింది. ముందు కాఫీ ఇప్పించు, నడుం విరిగింది."

సంచి విప్పితే తుప్పు తిన్న సిలిండర్. ఇత్తడి మెడ మాత్రం మెరుస్తోంది. దాని మీద మూడు గంట్లు. ఏది ఎవరిదో తెలియడానికి గంట్లు పెట్టింది ఖమైసే. మూడు గంట్లంటే నూరీది.

మీట పైకి ఉంది.

ఖమైస్ అక్కడే కూలబడ్డాడు. ఎత్తాను. ఎత్తే పంపాను. లోతుకి పోతే కమ్మే మత్తులో వాడే లాగలేకపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడే జరీఫా దగ్గరికి వెళ్ళాలనుకున్నాడు.

"ఎలా తళతళలాడించానో చూడు," అన్నాడు లజ్హర్. "రెండ్రోజులు సుత్తితో గుల్లలు కొట్టా. ఆ మీట బిగుసుకుపోయి ఉంటే, నూనె పోసి అటూ ఇటూ తిప్పి ఆడేట్టు చేశా."

"నువ్వు తిప్పావా?"

"తిప్పక? అది ఉన్నదెందుకు మరి!"

"తిప్పకముందు ఎటుంది? పైకా, కిందికా? అల్లా సాక్షిగా చెప్పు లజ్హర్."

లజ్హర్ ఆ మొహం చూసి బెదిరిపోయాడు. "పైకే అనుకుంటా..." అని కాసేపు నసిగి, "నీకెటు కావాలి బాబాయ్?" అన్నాడు.

ఆ సాయంత్రమే ఖమైస్ జరీఫా దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆమె మట్టిపొయ్యి లోపలి గోడకి రొట్టెలు చరుస్తూనే విన్నది.

"ఇన్నాళ్ళూ ఆయన్ని సముద్రం తీసుకుందనుకున్నా, అన్నా. సముద్రంతో ఏం పోట్లాడతాం అని ఊరుకున్నా," అంది చివరికి. "ఇప్పుడు క్షమించమంటావా? దేన్ని? చేశావో లేదో నీకే తెలీదంటివి."

"ఎవరితోనైనా చెప్పకపోతే..."

"ఆ ఎవరో నేనే కావాల్సొచ్చిందా? నీ మూట సగం నా నెత్తిన దించి, తేలిగ్గా నడిచిపోదామని వచ్చావు."

ఆమె ఒక వేడి రొట్టె ఊడదీసి, ఎప్పటిలాగే కాగితంలో చుట్టి ఖమైస్ చేతిలో పెట్టింది.

"రేపట్నించి రొట్టెకి మీ ఆవిణ్ణి పంపు," అంది.

ఇప్పుడు రొట్టె ఆవిడే తెస్తోంది. శుక్రవారాలు గొట్టాలకి పౌడరు రాయడం మానలేదు ఖమైస్. మూడు గంట్ల సిలిండర్‌ని మాత్రం అరలో పెట్టలేదు. తలుపు పక్కన గోడకి ఆనించి ఉంది. వస్తూ పోతూ మీటని పైకి ఎత్తుతాడు, కాసేపు నిలబడి చూస్తాడు, దించుతాడు. లజ్హర్ పోసిన నూనె మంచిదే. వేలు తగిలితే చాలు, ఎటంటే అటు తిరుగుతుంది.