పెద్దబ్బా మాఫీ అడగడానికి వచ్చిన రోజు

నా చిన్నప్పుడు... మండపేటలో మా పెరట్లోనే పెద్దబ్బా ఇనప రాడ్డుతో అన్నయ్యని కొట్టాడు. మా అబ్బాకి, అంటే నాన్నకి, స్వయానా అన్న ఆయన. మొదటి దెబ్బకి అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడు... ఎముక. రెండోది తల మీద. అంట్లు తోమే గోలెం చుట్టూ నెత్తురు. గొడవంతా రెండిళ్ల మధ్య గోడ గురించి!

అన్నయ్య కుడి మోచెయ్యి మళ్లీ సాగలేదు. మిల్లు లారీ నడిపేవాడు... మానేశాడు.

రెండేళ్లకి పెద్దబ్బాకి హజ్ ఖాయమైంది. వెళ్లేముందు ఇంటింటికీ తిరిగి మాఫీ అడగాలి కదా... మా గడపకీ వచ్చాడు. అబ్బా కళ్లు తుడుచుకుని "మాఫ్ చేశానన్నయ్యా" అన్నాడు.

"నువ్వేమంటావురా?" అని అన్నయ్యని అడిగాడు పెద్దబ్బా.

అన్నయ్య ఎడంచేత్తో ఆయన పీక పట్టుకుని గోడకేసి అదిమేశాడు. పెద్దబ్బా మొహం నల్లబడిపోయింది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. అబ్బా లాగుతున్నా, అమ్మీ అరుస్తున్నా వదల్లేదు...

తర్వాత తనే వదిలేశాడు. "పోండి. తిరిగి కొట్టను. అంతే. మనసులోంచి తీసెయ్యమని మాత్రం అడక్కండి."

"అది మాఫీ కాదురా!" పెద్దబ్బా దగ్గుతూ ఏడ్చాడు. అలాగే హజ్‌కి వెళ్లాడు.

నేనూ అది మాఫీ కాదనే అనుకున్నా... చాలా ఏళ్లు.

ఇప్పుడు డిగ్రీ చదువుతూ అరబ్బీ నేర్చుకుంటున్నా. ఇంట్లోవాళ్లలోనే శత్రువులు ఉండొచ్చని చెప్పే ఆయత్ ఒకటుంది ఖురాన్‌లో. అందులో మూడు మాటలు వరసగా వస్తాయి. మూడిటికీ 'క్షమ' అనే రాసుకున్నా మొదట. మరి మూడుసార్లు చెప్పడమెందుకు? కొట్టేసి మళ్లీ రాశా.

అఫ్వ్... శిక్షించగలిగీ వదిలెయ్యడం. సఫ్హ్... నిష్ఠూరం కూడా ఆడకుండా, పేజీ తిప్పేసినట్టు దాటిపోవడం. మగ్ఫిరత్... తప్పుని కప్పెయ్యడం. యుద్ధంలో తలకి పెట్టుకునే శిరస్త్రాణం పేరూ ఈ ధాతువులోంచే వచ్చిందట!

నిన్న ఆ నోట్సు అన్నయ్యకి చూపించా. "ఆ రోజు మొదటిది ఇచ్చేశావన్నయ్యా" అన్నా.

మూడు మాటలూ చదివాడు. "మిగతా రెండూ నావల్ల కాదు చెల్లీ..." అన్నాడు. నోట్సు తిరిగిచ్చేస్తూ, "పెద్దబ్బాకి చెప్పు... ఆ ఒక్కటీ అప్పుడే ఇచ్చేశానని."

ఇప్పుడు హజ్‌కి వెళ్లేవాళ్లు వాట్సాప్‌లో ఒకే మెసేజ్ అందరికీ పంపేస్తున్నారు... మాఫ్ చెయ్యండని. పీక పట్టుకునే వీలూ లేదు, కళ్లలోకి చూసే వీలూ లేదు.

మీ గడప దాకా వచ్చి అడిగినవాళ్లున్నారా? మూడిట్లో మీరు ఏది ఇవ్వగలిగారు...?