బొట్టు పెట్టిన బ్రేకులు

పెద్దపల్లి స్టేషన్ల బండి కోసం కూసున్న. పక్కన ఒక పెద్దమనిషి తువ్వాల విప్పి, కొత్త సైకిల్ హ్యాండ్ బ్రేకులు చూసుకుంటున్నడు. వాటికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నయి. నా నోరు ఊకుంటదా?

"పెండ్లి ఎన్నడు కాకా?" అన్న.

ఆయన నవ్వలే. "మా పిలగాని కాలు బొగ్గుబాయిల పోయింది బిడ్డా. ఇంట్ల మా బాపు కాలం సైకిలున్నది. పెడలు వెనుకకు తొక్కితేనే ఆగుతది. వాడు ఒక్క కాలుతోని తొక్కుతడు గాని, ఆపలేక పడుతుండు."

"మరి తొక్కుడు మాన్పియ్యరాదు?"

"వాళ్లవ్వ సైకిల్ అమ్మేయుమన్నది. ఆ మాట విన్నప్పటి సంది వాడు అన్నం సరిగ తింటలేడు. నేను పోయి బ్రేకులు కొన్న."

ఒక బ్రేకు నా చేతిల పెట్టి, "జర పట్టి చూడు, ఆగుతదా?" అన్నడు. సైకిలే లేదు, ఏం ఆగుతది? అయినా పట్టిన. నా పిడికిలి మీద తన చెయ్యి కప్పి గట్టిగ నొక్కిండు. బండి వచ్చేదాక ఇడువలే.

"ఆగుతది కాకా," అన్న.

ఇంటికి పోయినంక నా వేళ్ల పసుపు చూసి మా అవ్వ, "ఎవరి పెండ్లికి పోయొచ్చినవ్‌రా?" అన్నది.

అన్నిటికీ ఏదో ఒకటి అనేటోన్ని, ఆ పిడికిలి మళ్ల గట్టిగ బిగిచ్చిన.